ఎలుగుబంటి చేసిన సాయం: నార్వేజియన్ సమాసం పుట్టుకను వెతికి పట్టుకోవడం ఎలా

మేలు చేద్దామని దిగి అవతలివాళ్ల కొంప ముంచే పనిని నార్వేజియన్లు 'బ్యోర్నెశేనెస్తె' అంటారు. బ్యోర్న్ అంటే ఎలుగుబంటి, శేనెస్తె అంటే సేవ లేదా సాయం. పిల్లాడి హోంవర్క్ తల్లే కూర్చుని రాసి పెట్టినా, నష్టాల్లో ఉన్న పరిశ్రమను ఆదుకోబోయి ప్రభుత్వమే దాన్ని ఇంకా లోతుకు తోసినా ఈ మాట వాడొచ్చు. మరి ఎలుగుబంటికీ ఈ చేటు సాయానికీ ఏమిటి సంబంధం? ముక్కల అర్థాలు రెండూ తెలిసినా మొత్తం మాట అర్థం తెలియదు. ఇలాంటి మాటలే పుట్టుక వెతకడం నేర్చుకోవడానికి బాగా పనికొస్తాయి.

ఈ ఒక్క మాటను మొదటి నుంచి చివరి దాకా విప్పి చూపిస్తాను. ఆ పద్ధతి పట్టుబడితే ఏ నార్వేజియన్ సమాసానికైనా వాడుకోవచ్చు. ఓస్లోలోనో స్తవాంగర్‌లోనో ఉంటూ ఆ భాష నేర్చుకుంటున్నవాళ్లకు ఇది నేరుగా ఉపయోగపడుతుంది. ఆ భాష రాకపోయినా మాటల చరిత్ర మీద ఇష్టం ఉంటే చాలు, హాయిగా చదువుకోవచ్చు. నార్వేజియన్ మాటల్ని వీలైనంత వాళ్ల పలుకుకు దగ్గరగా తెలుగు లిపిలో రాశాను.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలి. సమాసానికి మూడు చరిత్రలు ఉంటాయి: ముక్కల చరిత్ర, వాటిని అతికించిన చరిత్ర, అతికించాక వచ్చిన అర్థం చరిత్ర. ముక్కలు రెండు వేల ఏళ్ల నాటివి కావచ్చు, అతుకు రెండు మూడు వందల ఏళ్ల నాటిది కావచ్చు, ఇప్పటి అర్థం నిన్నమొన్నటిది కావచ్చు. చాలా వివరణలు ముక్కల పుట్టుక చెప్పేసి పని అయిపోయిందంటాయి. అక్కడికి మూడో వంతు పనే అయినట్టు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

ఖర్చేమీ లేదు. నార్వేజియన్‌కు ఉన్న రెండు రాత పద్ధతులు బూక్మోల్, నీనొర్ష్క్. బెర్గెన్ విశ్వవిద్యాలయం, నార్వే భాషా మండలి కలిసి నడిపే వాటి నిఘంటువులు రెండూ ఆన్‌లైన్‌లో ఉచితం. నార్వేజియన్ అకాడమీ నిఘంటువు కూడా ఉచితమే, అందులో సాహిత్యం నుంచి వాడుక ఉదాహరణలు ఎక్కువ. పాత కాలం చూడాలంటే హ్యాల్మర్ ఫాల్క్, ఆల్ఫ్ తోర్ప్ 1903–1906 లో తెచ్చిన వ్యుత్పత్తి నిఘంటువు ఉంది. అది వందేళ్లు దాటిన పుస్తకం కాబట్టి దాని మాటే చివరి మాట అనుకోకుండా కొత్త నిఘంటువుతో సరిచూసుకోవాలి. పాత పుస్తకాలు, పత్రికలు వెతకడానికి నార్వే జాతీయ గ్రంథాలయం డిజిటల్ సేకరణ ఉంది. కాపీరైట్ ఉన్న పుస్తకాలు చాలావరకు నార్వేలో కూర్చుంటేనే తెరుచుకుంటాయి, అక్కడ ఉన్నవాళ్లు ఆ వీలును వదులుకోకండి.

నిఘంటువు తెరిచినప్పుడు మూడు చిన్న మాటల్ని గుర్తుపట్టాలి. 'నొరోన్ట్' అని ఉంటే మధ్యయుగపు పాత నార్స్ భాష. 'లావ్‌తిస్క్' అంటే ఉత్తర జర్మనీ తీరాల్లో మాట్లాడిన లో జర్మన్. 'ఎత్తెర్' అని ఉంటే ఫలానా మాటను నమూనాగా పెట్టుకుని తయారుచేసుకున్నది అని. అదే 'ఫ్రా' అని ఉంటే ఫలానా భాష నుంచి వచ్చిందని. ఈ రెండింటి తేడా నాలుగో అడుగులో అక్కరకొస్తుంది.

మొదటి అడుగు: మాటను రెండు రాతల్లోనూ రాసుకోండి

నార్వేకు రెండు అధికారిక రాత పద్ధతులు ఉన్నాయి. 1380 నుంచి 1814 దాకా నార్వే డెన్మార్క్‌తో కలిసి ఉంది. ఆ కాలంలో రాత భాషగా డేనిష్ పాతుకుపోయింది. విడిపోయాక రెండు దారులు వచ్చాయి. క్నూద్ క్నూద్సెన్ లాంటివాళ్లు డేనిష్ రాతనే మెల్లగా నార్వే పలుకుకు దగ్గర చేసుకుందాం అన్నారు. ఆ దారి బూక్మోల్ అయింది. ఇవార్ ఓసెన్ ఊరూరా తిరిగి మాండలికాలు సేకరించి, 1848 లో వ్యాకరణం, 1850 లో నిఘంటువు వెలువరించాడు. ఆ పునాది మీద లేచిందే నీనొర్ష్క్. 1885 లో పార్లమెంటు రెండింటికీ సమాన హోదా ఇచ్చింది. ఇప్పుడున్న పేర్లు మాత్రం 1929 లో పెట్టినవి.

మాటల చరిత్ర వెతికేవాళ్లకు ఇది పెద్ద వరం. బూక్మోల్‌లో అరిగిపోయిన అతుకు చాలాసార్లు నీనొర్ష్క్‌లో చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. కిటికీనే తీసుకోండి. బూక్మోల్‌లో అది 'విందు'. మన విందు భోజనంతో దానికి సంబంధం లేదు. ఎంత తేరిపార చూసినా అది ఒకే ముక్కలా ఉంటుంది. నీనొర్ష్క్ రూపం 'విందౌగె' చూడగానే గుట్టు బయటపడుతుంది: వింద్ అంటే గాలి, ఔగె అంటే కన్ను. పాత నార్స్‌లో 'విందౌగ', గాలి కన్ను. అద్దాలు లేని ఆ కాలపు ఇళ్లలో గాలీ వెలుతురూ రావడానికి వదిలిన కంత అది. ఇంగ్లిష్ వాళ్ల 'విండో' కూడా ఇదే మాట. ఇంగ్లండులో స్థిరపడిన నార్స్ జనం దగ్గర నుంచి వాళ్లకు చేరింది. అంతకుముందు పాత ఇంగ్లిష్‌లో కిటికీని 'కంటి కంత' అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవాళ్లు.

ఇక్కడ మనకు దగ్గరి సంగతి ఒకటి ఉంది. సంస్కృతం నుంచి తెలుగు కావ్యాల్లోకి వచ్చిన కిటికీ పేర్లు రెండు: వాతాయనం, గవాక్షం. మొదటిదాంట్లో వాతం, అంటే గాలి. రెండోదాంట్లో అక్షి, అంటే కన్ను. సంస్కృతం, నార్వేజియన్ రెండూ ఇండో-యూరోపియన్ భాషా కుటుంబానివే, వింద్, వాతం ఆ కుటుంబంలోని ఒకే వేరు నుంచి వచ్చినవే. ఔగె, అక్షి కూడా చుట్టాలేనని సాధారణంగా ఒప్పుకుంటారు, అచ్చుల లెక్క మాత్రం అంత తేలిగ్గా కుదరదు. తెలుగు ద్రావిడ భాష కాబట్టి ఈ చుట్టరికం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలకే వర్తిస్తుంది.

మన మాటకు వద్దాం. బూక్మోల్‌లో బ్యోర్నెశేనెస్తె, నీనొర్ష్క్‌లో బ్యోర్నెతేనెస్తె. రెండో సగంలో ఒకచోట 'శ', ఇంకోచోట 'త'. దీన్ని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, మూడో అడుగులో కావాలి.

రెండో అడుగు: అతుకు ఎక్కడుందో పట్టుకోండి

నార్వేజియన్ సమాసాలు చాలావరకు మన తత్పురుష లాంటివి. ఉత్తరపదమే యజమాని. అర్థం దానిదే, లింగం దానిదే. వీన్ అంటే ద్రాక్షసారా, పుంలింగం. గ్లాస్ నపుంసకం. 'వీన్‌గ్లాస్' నపుంసకం, ఎందుకంటే అది ఒక రకం గ్లాసు. కాబట్టి మాటను ఎప్పుడూ కుడి చివర నుంచి విప్పుకుంటూ రండి. పొడవాటి మాట చూసి కంగారు పడక్కర్లేదు. చివరి ముక్క తెలిస్తే అది ఏ జాతి వస్తువో తెలిసినట్టే.

ఆ తర్వాత అతుకులో ఏముందో చూడాలి. మూడు రకాలు ఎక్కువ. ఏమీ లేకుండా నేరుగా అతకడం ఒకటి, వీన్‌గ్లాస్ అలాంటిదే. మధ్యలో 'ఎస్' రావడం రెండోది. మధ్యలో 'ఎ' అచ్చు రావడం మూడోది, బార్నెహాగె లాగా: బార్న్ అంటే బిడ్డ, హాగె అంటే తోట, మధ్యలో ఎ. ఈ అతుకు అక్షరాలు పాత షష్ఠీ విభక్తి ప్రత్యయాల మిగులు అని మొదట్లో చెబుతారు. కొన్నింటి విషయంలో అది నిజమే. కానీ తర్వాతి కాలంలో అవి ఉత్త జిగురుగా మారిపోయాయి. ఒక 'ఎస్' కనిపించిందని అక్కడ పాత షష్ఠి ఉందని తీర్పు చెప్పకూడదు.

ఆ జిగురు ఇంకో పని కూడా చేస్తుంది, అది నాకు చాలా ఇష్టమైన సంగతి. ద్రాక్షసారా గ్లాసు వీన్‌గ్లాస్, జిగురు లేదు. ఎర్ర ద్రాక్షసారా గ్లాసు మాత్రం 'రోవీన్స్‌గ్లాస్', మధ్యలో 'ఎస్' వచ్చి చేరింది. ఎందుకు? ఎర్ర అనేది సారాకు చెందింది, గ్లాసుకు చెందింది కాదు. ముందు రోవీన్ ఒక ముద్ద అయింది, ఆ ముద్దకు గ్లాస్ తగిలించారు. ప్రధానమైన అతుకు ఎక్కడో ఆ 'ఎస్' చెబుతోంది. మూడు నాలుగు ముక్కల సమాసం ఎదురైతే ముందు ఈ 'ఎస్' కోసం వెతకండి. ప్రతిసారీ ఉండదు, ఉంటే మాత్రం పని సగం తగ్గిస్తుంది.

ఒక చిన్న ఉచ్చు ఉంది. అతుకు దగ్గర ఒకే హల్లు మూడుసార్లు వస్తే రాతలో రెండే ఉంచుతారు. 'ఫుట్‌బాల్' అనే మాట చివర రెండు 'ఎల్'లు, జట్టు అనే అర్థం ఉన్న 'లాగ్' మొదట ఒక 'ఎల్'. కలిపి రాసినప్పుడు రెండే కనిపిస్తాయి. నిఘంటువులో ముక్కలు వెతికేటప్పుడు పోయిన అక్షరాన్ని తిరిగి చేర్చుకోవాలి.

చెవి కూడా సాయం చేస్తుంది. సమాసాన్ని ఒకే ఊపులో, మొదటి ముక్క మీద బలం పెట్టి పలుకుతారు. రాతలో కూడా విడగొట్టకూడదు. విడగొడితే అర్థం మారిపోతుంది: 'లమ్మెలోర్' కలిపి రాస్తే గొర్రెపిల్ల తొడ మాంసం, 'లమ్మె లోర్' అని విడదీస్తే చచ్చుబడిన తొడలు. నార్వే బడుల్లో టీచర్లు ఈ తప్పు మీద ఎంత పట్టుబడతారో అక్కడి పిల్లలకు బాగా తెలుసు.

ఇక మన మాట: బ్యోర్న్ + ఎ + శేనెస్తె. బడిలో నేర్చుకున్నట్టే విగ్రహవాక్యం రాయండి: ఎలుగుబంటి యొక్క సేవ. ఇది షష్ఠి. కానీ ఆగండి, ఎలుగుబంటికి చేసే సేవా, ఎలుగుబంటి చేసే సేవా? వ్యాకరణం రెండింటికీ ఒప్పుకుంటుంది. ఏది సరైనదో అర్థం చరిత్ర చెప్పాలి. విగ్రహవాక్యం దగ్గర ఇలాంటి రెండు దారులు కనిపిస్తే రెండూ రాసి పెట్టుకోండి, తొందరపడి ఒకటి కొట్టేయకండి.

మూడో అడుగు: ముక్కల వెంట విడివిడిగా వెళ్లండి

రెండో ముక్క పని తొందరగా అయిపోతుంది. బూక్మోల్ శేనెస్తె, నీనొర్ష్క్ తేనెస్తె. పాత నార్స్‌లో 'థ్యోనుస్తా'. మొదటి హల్లు ఇంగ్లిష్ 'థింగ్' లోని 'థ' లాంటిది. అదే తర్వాత ఒక దారిలో 'త' అయింది, 'య'కారంతో కలిసిన దారిలో ఇప్పటి 'శ' లాంటి పలుకు అయింది. మొదటి అడుగులో రాసి పెట్టుకున్న తేడాకు కారణం ఇది. ఆ పాత నార్స్ మాట కూడా ఉత్తర జర్మన్ ప్రాంతపు పాత సాక్సన్ మాట 'థియొనొస్ట్' నుంచి అరువు వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. అంటే నార్వేలో వెయ్యేళ్లుగా ఉన్న మాట కూడా పొరుగు నుంచి వచ్చిందే కావచ్చు.

మొదటి ముక్క దగ్గర నిదానంగా కూర్చోవాలి. పాత నార్స్‌లో 'బ్యొర్న్', దాని షష్ఠి రూపం 'బ్యార్నర్'. బ్యోర్న్, బ్యార్నె అనే రెండు మగవాళ్ల పేర్లు నార్వేలో ఇప్పటికీ మామూలే. ఆ రెండు అచ్చులూ ఒకే మాటలోని పాత మార్పు నుంచి వచ్చాయి. ఐస్లాండ్ వాళ్లు మన మాటకు సమానంగా 'బ్యార్నర్‌గ్రెయ్ది' అంటారు. అందులో పాత షష్ఠి అలాగే నిలిచి ఉంది. నార్వేజియన్‌లో దాని చోట ఒక్క 'ఎ' జిగురే మిగిలింది. ఆ పాత రూపం అరిగి అరిగి ఈ 'ఎ' అయిందని అనుకోవద్దు. బిడ్డల తోటలో ఉన్న 'ఎ' లాగా ఇది తర్వాతి కాలపు అలవాటు.

ఇంకా వెనక్కి వెళ్తే ఆశ్చర్యపోయే సంగతి వస్తుంది. ఇండో-యూరోపియన్ భాషలకు ఎలుగుబంటికి ఒక పాత ఉమ్మడి పేరు ఉండేది. సంస్కృతంలో అది ఋక్షం. జాంబవంతుణ్ని ఋక్షరాజు అనడం మనం విన్నదే. గ్రీకులో 'ఆర్క్తోస్', ఆకాశంలోని ఎలుగుబంటి నక్షత్రాల పేరు మీదే ఆర్కిటిక్ అనే మాట వచ్చింది. నార్వేజియన్, జర్మన్, ఇంగ్లిష్ లాంటి జెర్మానిక్ భాషల్లో మాత్రం ఈ పేరు మాయమైంది. దాని స్థానంలో వచ్చిన బ్యోర్న్‌కు 'గోధుమరంగుది' అని అర్థమని ఎక్కువమంది అంటారు. అడవి మృగం అనే అర్థమున్న వేరొక వేరు నుంచి వచ్చిందని ఇంకో వాదం ఉంది. గోధుమరంగు వాదమే నిజమైతే దీనికి సంస్కృతంలో చుట్టం బభ్రు, అంటే కపిలవర్ణం. అర్జునుడి కొడుకు బభ్రువాహనుడి పేరులో ఉన్నది ఆ మాటే. నార్వేజియన్‌లో నీటికుక్క లాంటి బీవర్ జంతువు పేరు 'బేవెర్' కూడా ఈ బభ్రుకు సూటి చుట్టం.

పాత పేరు ఎందుకు పోయింది? భయం వల్ల అని చాలామంది పండితుల అభిప్రాయం. పేరు పలికితే మృగం వచ్చేస్తుందన్న నమ్మకం. మన ఊళ్లలో పామును పాము అనకుండా 'పురుగు' అంటాం, పాము కరిస్తే 'పురుగు ముట్టింది' అంటాం కదా, అలాంటిదే. నార్వే పల్లెల్లో కూడా ఎలుగుబంటిని 'బామ్సెఫార్' లాంటి ముద్దుపేర్లతో పిలిచారు. ముక్కల చరిత్రలో ఇలాంటి సంగతి తగిలితే దాన్ని ఆస్వాదించండి. కానీ సమాసం అర్థానికి దీన్ని కారణంగా చూపకండి. ఎలుగుబంటి అంటే భయం కాబట్టి చెడ్డ సాయం అనే అర్థం వచ్చిందని చెప్పడం వినడానికి బాగుంటుంది, కానీ అది తప్పు. ముక్క చరిత్రను తీసుకెళ్లి అర్థం చరిత్రకు అంటగట్టడమే ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు.

నాలుగో అడుగు: అతికించింది ఎవరో కనుక్కోండి

ఇప్పుడు పొరుగు భాషల తలుపులు తట్టాలి. డేనిష్‌లో ఇదే మాట, దాదాపు ఇదే రూపంలో. స్వీడిష్‌లో 'బ్యోర్న్‌షెన్స్ట్'. జర్మన్‌లో 'బేరెన్‌డీన్స్ట్'. డచ్‌లోనూ అంతే. రష్యన్‌లో 'మెద్వేజ్యా ఉస్లుగా', ఎలుగు సాయం. జెర్మానిక్ భాషలతో చుట్టరికమే లేని ఫిన్నిష్‌లో కూడా 'కార్హున్‌పల్వెలుస్', అక్షరాలా అదే అర్థం.

ముక్కలు ఏ భాషకు ఆ భాష సొంతం, మూస మాత్రం అందరిదీ ఒకటే. ఇలా కనిపిస్తే అది అనువాద అరువు అని గట్టిగా అనుమానించాలి. విడివిడిగా ఇన్ని దేశాల వాళ్లకు ఎలుగుబంటి సాయం అంటే చెరుపు అని తోచడం జరిగే పని కాదు. బార్నెహాగె కూడా ఇలాంటిదే. ఫ్రీద్రిష్ ఫ్రోబెల్ 1840 లో జర్మనీలో పెట్టిన కిండర్‌గార్టెన్ అనే పేరుకు అది ముక్కకు ముక్క అనువాదం. నిఘంటువులో 'ఎత్తెర్' అని చూసేది ఇలాంటి మాటల దగ్గరే.

మాట మొత్తంగా అరువు రావడం వేరే సంగతి. పొద్దుటి ఫలహారం 'ఫ్రూకొస్ట్' నార్వేలో అతికించింది కాదు, లో జర్మన్ నుంచి అతుకుతో సహా దిగింది. ఉత్తర జర్మనీ రేవు పట్టణాల వర్తక కూటమైన హన్సా వర్తకులు 14వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా బెర్గెన్ రేవులో కొట్లు పెట్టుకుని ఎండుచేపల వ్యాపారం నడిపారు. ఇప్పటికీ ఆ రేవున వరుసగా నిలబడి ఉన్న చెక్క ఇళ్లు ఆ కాలాన్ని గుర్తుచేస్తాయి. వాళ్లతో పాటు వందలకొద్దీ మాటలు వచ్చాయి. మాట మొదట 'బె', 'అన్' లాంటి ఉపసర్గలు, చివర 'హేత్' లాంటి ప్రత్యయాలు ఉంటే జర్మన్ గాలి తగిలిందని గుర్తు. ప్రేమ అనే మాట 'శేర్లిహేత్' చివర ఉన్నది అదే.

ఎంత పాతదో తేల్చడానికి జాతీయ గ్రంథాలయం సేకరణలో వెతకండి. ఇక్కడ ఒక చిట్కా. పాత పుస్తకాలు గోతిక్ అచ్చులో ఉంటాయి. ఆ అచ్చులో పొడవాటి 'ఎస్' అచ్చం 'ఎఫ్'లా ఉండడంతో కంప్యూటర్ దాన్ని 'ఎఫ్' అనుకుంటుంది. కాబట్టి శేనెస్తె అని వెతికితే దొరకనిది, 'శేనెఫ్తె' అని తప్పు రాసి వెతికితే దొరుకుతుంది. 'య' పలుకు చోట కొన్ని పాత రాతల్లో 'ఐ' అక్షరం వాడారు, అలా కూడా వెతకండి. మీకు దొరికిన అత్యంత పాత ఉదాహరణ తేదీ మాట పుట్టిన తేదీ కాదు. అప్పటికే ఆ మాట వాడుకలో ఉంది అని మాత్రమే దానర్థం.

ఐదో అడుగు: అర్థం వెనక కథ ఉందా?

ముక్కలు కలిపినా అర్థం రాకపోతే, అనేక భాషల్లో అదే మూస కనిపిస్తే, వెనక ఒక కథో సంఘటనో ఉన్నట్టే. ఇక్కడ ఫ్రెంచ్ మాట దారి చూపిస్తుంది. ఫ్రెంచ్ వాళ్లు ఎలుగు సాయం అనరు, 'ఎలుగుబంటి బండరాయి' అంటారు. రాయి ఎక్కడి నుంచి వచ్చింది?

ఫ్రెంచ్ కవి జాన్ ద లా ఫొంతేన్ (1621–1695) 1678 లో వెలువరించిన నీతికథల్లో ఒకటి ఎలుగుబంటిదీ తోట ప్రేమికుడిదీ. ఒంటరి ముసలాయన, ఒంటరి ఎలుగుబంటి స్నేహం కడతారు. ఎలుగు వేటాడి తెస్తుంది, ఆయన నిద్రపోతుంటే ముఖం మీద వాలే ఈగల్ని తోలుతుంది. ఒకరోజు ఒక మొండి ఈగ ఆయన ముక్కు కొస మీద కూర్చుని కదలనంటుంది. ఎలుగు బండరాయి ఎత్తి ఈగ మీద విసురుతుంది. ఈగ చస్తుంది, మిత్రుడి తల పగులుతుంది.

చదవగానే మీకు గుర్తొచ్చే ఉంటుంది. రాజుగారికి కాపలా కాస్తూ, ఆయన మీద వాలిన ఈగను కత్తితో నరికిన కోతి. పంచతంత్రంలో ఆ కథకు కట్టిన శ్లోకం: 'పండితోఽపి వరం శత్రుర్న మూర్ఖో హితకారకః'. తెలివిలేని హితుడి కంటే తెలిసిన శత్రువు నయం. లా ఫొంతేన్ తన కథ చివర పెట్టిన నీతి కూడా ఇదే: తెలివిలేని స్నేహితుడంత ప్రమాదం ఇంకోటి లేదు, తెలివైన శత్రువే మేలు. బౌద్ధ జాతక కథల్లో తండ్రి బట్టతల మీది దోమను గొడ్డలితో కొట్టిన కొడుకు కథ ఉంది. అక్కడి గాథ సారం కూడా ఇదే. కథ పోలిక ఒక్కటే అయితే కాకతాళీయం అనొచ్చు. కథా నీతీ రెండూ కలవడం, ఆ నీతి కూడా ఒకే తూకంలో ఉండడం చూసి నేను ఇది చుట్టరికమే అంటాను.

దారి కూడా కాగితం మీద కనిపిస్తుంది. మన కథల సంపుటం 6వ శతాబ్దంలో పారశీక రాజు అనుషిర్వాన్ కాలంలో అప్పటి పారశీక భాష పహ్లవిలోకి, 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా చేతుల మీదుగా అరబ్బీలోకి వెళ్లింది. ఆ పరంపరలోనే హుసేన్ వాయిజ్ కాషిఫీ పారశీకంలో 'అన్వారె సుహైలీ' రాశాడు. ఎలుగుబంటీ తోటమాలీ కథ అందులో ఉంది. దానిలో కొంత భాగం 1644 లో ఫ్రెంచ్‌లోకి వచ్చింది. 1678 సంపుటానికి రాసిన ముందుమాటలో లా ఫొంతేన్, తన కథల్లో చాలావాటికి భారతీయ జ్ఞాని పిల్పేకి రుణపడి ఉన్నానని స్వయంగా చెప్పుకున్నాడు. కవి నోటి మాట దొరికితే ఇంకేం కావాలి!

ఇప్పుడు రెండో అడుగులో ఆపి పెట్టిన విగ్రహవాక్యం తేల్చేయొచ్చు. ఇది ఎలుగుబంటి చేసే సేవ. ఫ్రెంచ్ వాళ్లు రాయిని గుర్తుపెట్టుకున్నారు, ఉత్తరాది వాళ్లు సాయాన్ని గుర్తుపెట్టుకున్నారు.

ఆరో అడుగు: ఇప్పుడు జనం ఏ అర్థంలో వాడుతున్నారు?

నిఘంటువు అర్థంతో ఆగిపోకుండా వార్తాపత్రికల్లో, జనం మాటల్లో చూడండి. డెన్మార్క్‌లోనూ, కొంతవరకు నార్వేలోనూ ఈ మాటను 'పెద్ద సాయం' అనే అర్థంలో వాడేవాళ్లు ఉన్నారు. కథ తెలియనివాళ్లకు ఎలుగుబంటి అంటే బలం, భారీతనం. కాబట్టి ఎలుగంత సాయం అనుకున్నారు. అంటే వాళ్లు విగ్రహవాక్యం మార్చేశారు, షష్ఠిని ఉపమానం చేశారు. దీన్ని తప్పని కొట్టిపారేయకుండా మూడో చరిత్రలో కొత్త పేజీగా రాసుకోవడమే సరైన పని. అయితే మీరు ఆఫీసులో ఎవరికైనా థాంక్స్ చెబుతూ ఈ మాట వాడకండి, పాత అర్థం తెలిసినవాళ్లు నొచ్చుకుంటారు.

అతుకే కనిపించని మాటలు

కొన్ని సమాసాలు ఎంత అరిగిపోయాయంటే సమాసాలని ఎవరికీ తట్టదు. 'నాబూ' అంటే ఇరుగుపొరుగువాడు. పాత నార్స్‌లో 'నాబూయి', దగ్గర ఉండేవాడు. పశువుల కొట్టం 'ఫ్యోస్', పాత రూపంలో 'ఫే' అంటే పశువులు, 'హూస్' అంటే ఇల్లు. ఆ 'ఫే', సంస్కృత పశు ఒకే వేరువి. శనివారం 'లోర్‌దాగ్', పాత నార్స్‌లో 'లౌగర్‌దగ్ర్', స్నానాల రోజు. మన ఇళ్లలోనూ శనివారం తలంటు అలవాటుంది, కానీ దీనికీ దానికీ సంబంధం లేదు. పంచతంత్రం విషయంలో ఉన్నట్టు నడిచొచ్చిన దారి ఏదీ ఇక్కడ లేదు.

ఇలాంటివాటికి పద్ధతి ఒక్కటే: ఇప్పటి రూపం పక్కన పెట్టి నేరుగా పాత నార్స్ రూపం దగ్గరికి వెళ్లడం. పెళ్లికొడుకు 'బ్రూద్‌గొమ్' చూడండి. బ్రూద్ అంటే పెళ్లికూతురు అని అందరికీ తెలుసు. 'గొమ్' ఏమిటో ఇప్పటి నార్వేజియన్ చెప్పదు. పాత నార్స్ 'గుమి' అంటే మనిషి. ఇంగ్లిష్‌లో ఆ ముక్క అర్థంకాక, తెలిసిన 'గ్రూమ్' అనే మాట తెచ్చి అక్కడ పెట్టేశారు. తెలియని ముక్కను తెలిసిన ముక్కతో మార్చేసే ఈ అలవాటు ఏ భాషలోనైనా ఉంటుంది, కాబట్టి చూడగానే అర్థమైపోయే ముక్కను కూడా ఒకసారి పాత రూపంతో సరిచూడాలి.

మీరే చేసి చూడండి

దొరికినదాన్ని ఎలా రాసుకోవాలో ఎలుగుబంటి మాటతోనే చూపిస్తాను. ముక్కలు: బ్యోర్న్, జెర్మానిక్ వారసత్వం, శేనెస్తె, పాత సాక్సన్ నుంచి. అతుకు: 'ఎ' జిగురు, ఐరోపా భాషల్లో ఉమ్మడిగా తిరిగిన అనువాద అరువు, కథ అచ్చయిన 1678 తర్వాతిది. అర్థం: లా ఫొంతేన్ కథ, దాని వెనక భారతీయ కథ, ఇటీవల కొందరిలో పెద్ద సాయం. మూడు వాక్యాలు చాలు. ఏ వాక్యానికి ఆధారం ఎక్కడ దొరికిందో పక్కన రాసి పెట్టుకోండి.

సాధనకు 'స్లాలోమ్' తీసుకోండి. చలికాలం ఒలింపిక్స్ వస్తే మన పత్రికల్లో కూడా కనిపించే మాట. ఇది మన ఎలుగుబంటి మాటకు తిరగబడ్డ కేసు, నార్వేలో అతికించి ప్రపంచానికి పంపింది. తెలెమార్క్ ప్రాంతంలోని మోర్గెదాల్ లోయలో పుట్టిన మాండలిక పదం. 'స్లా' అంటే కాస్త వాలుగా ఉన్నది, 'లోమ్' అంటే మంచులో పడిన జాడ. ఆ లోయవాళ్లకు గెంతుతూ దిగే జాడ వేరు, దాని పేరు 'హొప్పెలోమ్'. అక్కడే 1825 లో పుట్టిన సోన్ద్రె నూర్‌హైమ్ 1868 లో రాజధానిలో జరిగిన స్కీ పోటీ గెలిచి ఆ లోయ పేరు దేశమంతా తెలిసేలా చేశాడు. జెండాల మధ్య మెలికలు తిరుగుతూ దిగే ఇప్పటి పోటీ రూపం మాత్రం 1922 లో స్విట్జర్లాండ్‌లోని మ్యూరెన్‌లో ఆర్నాల్డ్ లన్ అనే ఇంగ్లిష్ మనిషి ఏర్పాటు చేసింది. ముక్కలు ఎక్కడివి, అతుకు ఎక్కడిది, ఇప్పటి అర్థం ఎక్కడిది అని మూడు గళ్లు గీసి నింపండి.

అది అయ్యాక 'స్తూర్‌స్లాలోమ్' పట్టుకోండి. 'స్తూర్' అంటే పెద్ద. ఇప్పుడు మూడు ముక్కలయ్యాయి, ప్రధాన అతుకు ఎక్కడుందో చెప్పండి. తర్వాత గబ్బిలానికి ఉన్న 'ఫ్లగ్గెర్‌మూస్'. చివరి ముక్కకు ఎలుక అని అర్థం. మొదటి ముక్క కోసం నార్వేలో వెతికే ముందు జర్మన్ నిఘంటువు ఒకసారి తెరవండి.